రమణను రానిచ్చింది, సీతను ఆపేసింది

(ఇంజనీరింగ్ విద్యార్థుల పైథాన్ వర్క్‌షాప్‌లో చేసిన ప్రసంగానికి రాత రూపం)

అందరికీ నమస్కారం. వెనక బెంచీల దాకా వినబడుతోందా? సరే.

మాటలకన్నా ముందు తెర మీద ఒకటి చూపిస్తాను. ఇది టికింటర్‌లో, అంటే కిటికీలు, బటన్లు చేయడానికి పైథాన్‌తో వచ్చే లైబ్రరీలో రాసిన చిన్న ఫారం. 'పేరు' అని ఒక లేబుల్, పక్కన ఒక టెక్స్ట్ బాక్స్, కింద 'సేవ్' బటన్. అంతే. పేరులో అక్షరాలు తప్ప ఇంకేమీ ఉండకూడదని ఒక చెక్ పెట్టాను. పైథాన్‌లో ఈజ్‌ఆల్ఫా ఉంది కదా, 'ఈ స్ట్రింగ్‌లో ఉన్నవన్నీ అక్షరాలేనా' అని అడిగే ఫంక్షన్, అదే వాడాను. ఇప్పుడు తెలుగు కీబోర్డుతో 'రమణ' అని కొడుతున్నాను. సేవ్. తీసుకుంది. 'కమల'. తీసుకుంది. 'సీత'. చూడండి, 'పేరులో అక్షరాలు మాత్రమే ఉండాలి' అంటోంది. 'రాము' కొడతాను. మళ్ళీ అదే ఎర్రర్.

సీత పేరులో అక్షరం కానిది ఏముందో ఎవరైనా చెప్తారా?

(ఒక విద్యార్థిని: దీర్ఘమా మేడమ్?)

అవునమ్మా, ఆ గుడి దీర్ఘమే. ప్రపంచ భాషల గుర్తులకి కంప్యూటర్‌లో ఒక్కో నంబర్ ఇచ్చే పట్టిక యూనికోడ్. అందులో ప్రతి గుర్తుకీ ఒక వర్గం ఉంటుంది. క, స, త లాంటివి 'లెటర్' వర్గంలో ఉన్నాయి. గుడి, కొమ్ము, ఏత్వం, పొల్లు, సున్నా 'మార్క్' వర్గంలో ఉన్నాయి. ఈజ్‌ఆల్ఫా లెటర్లను మాత్రమే ఒప్పుకుంటుంది. రమణ పేరులో మూడూ తలకట్టు అక్షరాలు, వేరే గుర్తేదీ అక్కర్లేదు, అందుకని గట్టెక్కింది. సీత, రాము, లక్ష్మి, వెంకటేశు, మనలో చాలామంది బయటే ఉండిపోయారు. ఈ చెక్ రాసేవాళ్ళకి తెలుగంటే పడక కాదు. ఇంగ్లీషు పేర్లు రెండు కొట్టి చూస్తారు, పనిచేస్తుంది, వదిలేస్తారు. నేనూ ఒకప్పుడు అలాగే వదిలేశాను.

ఈ రోజు టెక్స్ట్ బాక్స్ గురించి గంటసేపు ఎందుకు మాట్లాడాలో ఇందులోనే ఉంది. తెర మీద కనిపించే బటన్లు, మెనూలు, లేబుళ్ళు అన్నీ ప్రోగ్రాం రాసిన మన మాటలు. టెక్స్ట్ బాక్స్ ఒక్కటే అవతలి మనిషి మాట్లాడే చోటు. ఆ మనిషి ఇంకా మాట పూర్తి చేయకముందే 'తప్పు, తప్పు' అని అడ్డుపడే ప్రోగ్రాంలు చాలా ఉన్నాయి. సగం కొట్టిన మాట తప్పు మాట కాదు. నేను చెప్పదలుచుకున్నది అదే.

ముందు చేతిపని చూద్దాం. కొత్తవాళ్ళు అందరూ పడే గుంటలు నాలుగు ఉన్నాయి, అవి దాటేస్తే మిగతాది హాయిగా సాగుతుంది.

టికింటర్‌లో ఒక లైను పట్టే బాక్స్ పేరు ఎంట్రీ. అందులో ఉన్నది తీసుకోవడానికి గెట్, పెట్టడానికి ఇన్సర్ట్, చెరపడానికి డిలీట్. మీలో సగం మంది మొదటి రోజు ఏం చేస్తారంటే, ఎంట్రీ తయారుచేసి అదే లైనులో చివర చుక్క పెట్టి ప్యాక్ అని రాసేసి, ఆ మొత్తాన్ని ఒక వేరియబుల్‌లో దాచుకుంటారు. ప్యాక్ పని బాక్స్‌ని తెర మీద పెట్టడం, అది తిరిగి ఇచ్చేది నన్, అంటే 'ఏమీ లేదు'. వేరియబుల్‌లో బాక్స్ ఉండదు, నన్ ఉంటుంది. తర్వాత గెట్ అని పిలవగానే 'నన్‌టైప్ ఆబ్జెక్ట్‌కి గెట్ అనేది లేదు' అని ఎర్రర్. బాక్స్ మాత్రం తెర మీద చక్కగా కనిపిస్తూనే ఉంటుంది, అందుకే అంత టెన్షన్. రెండు లైన్లుగా విడగొట్టి రాయండి, మొదటి దాంట్లో బాక్స్, రెండో దాంట్లో ప్యాక్.

రెండోది. బాక్స్ తయారుచేసిన వెంటనే కింది లైనులో గెట్ అంటారు, ఖాళీ స్ట్రింగ్ వస్తుంది. రాక ఏమవుతుంది? అప్పటికి కిటికీ ఇంకా తెరుచుకోలేదు, మనిషి ఒక్క అక్షరం కూడా కొట్టలేదు. ఇన్‌పుట్ ఫంక్షన్‌కి అలవాటు పడ్డ చేతులకి ఇది ఎక్కడానికి టైం పడుతుంది. ఇన్‌పుట్ అనేది ఆగి ఎదురుచూస్తుంది. ఇక్కడ ఎవరూ ఎవరికోసమూ ఆగరు. మెయిన్‌లూప్ తిరుగుతూ ఉంటుంది, బటన్ నొక్కినప్పుడు మీ ఫంక్షన్‌ని పిలుస్తుంది, గెట్ ఉండాల్సింది ఆ ఫంక్షన్ లోపల. ఆ ఫంక్షన్ పేరు బటన్‌కి ఇచ్చేటప్పుడు బ్రాకెట్లు పెట్టకండి. పెడితే బటన్ నొక్కకుండానే, బటన్ తయారవుతున్నప్పుడే అది ఒకసారి నడిచి ఊరుకుంటుంది. ఇది మూడోది.

నాలుగోది, గెట్ ఎప్పుడూ స్ట్రింగే ఇస్తుంది, అంటే అంకెలు కొట్టినా అక్షరాల వరసగానే. రెండు బాక్సుల్లో 10, 20 కొట్టి కూడితే 30 రాదు, 1020 వస్తుంది.

ఎక్కువ లైన్లు పట్టే బాక్స్ పేరు టెక్స్ట్. దాంట్లో చోటు చెప్పే పద్ధతి వేరు, 'ఒకటి చుక్క సున్నా' అని కోట్స్‌లో రాయాలి. లైన్లు ఒకటి నుంచి లెక్క, లైనులో అక్షరాలు సున్నా నుంచి లెక్క. చివరిదాకా తీసుకుంటే మీరు కొట్టని న్యూలైన్ ఒకటి అదనంగా వస్తుంది, అందుకే 'ఎండ్ మైనస్ వన్ సీ' అని ఒక క్యారెక్టర్ వెనక్కి తగ్గి తీసుకోవాలి. దీనికి ఇంతకన్నా సమయం అక్కర్లేదు.

ఇప్పుడు నేను నిజంగా మాట్లాడాలనుకున్న దాని దగ్గరికి వస్తున్నాను.

ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఒక చిన్న పట్టణంలోని రక్తపరీక్షల ల్యాబ్‌కి రిజిస్ట్రేషన్ ఫారం రాసిచ్చాను. పదకొండు బాక్సులు. ఇచ్చిన వారానికి చూద్దామని వెళ్ళి కౌంటర్ వెనకాల కుర్చీ వేసుకుని కూర్చున్నాను. పొద్దున్న ఏడు గంటలు. షుగర్ టెస్ట్ కోసం పరగడుపున వచ్చిన ముసలివాళ్ళు లైనులో నిలబడి ఉన్నారు. కౌంటర్‌లో ఉన్న అమ్మాయి ఒక పెద్దాయన వివరాలు అన్నీ కొట్టింది. మొబైల్ నంబర్ దగ్గర, ఆయన ఎలా చెప్తే అలా, ఐదంకెలు కొట్టి ఒక స్పేస్ ఇచ్చి మిగతా ఐదు కొట్టింది. మనమందరం ఫోన్ నంబర్ చెప్పేది, రాసుకునేది అలాగే కదా. సేవ్ నొక్కింది. నా చెక్ లెక్కపెట్టి చూస్తే పది బదులు పదకొండు ఉన్నాయి. 'నంబర్ తప్పు' అని మెసేజ్ వచ్చింది. ఓకే నొక్కగానే పదకొండు బాక్సులూ ఖాళీ అయిపోయాయి. సేవ్ బటన్ ఫంక్షన్‌లో చెక్ బాగుందో లేదో చూడకుండా అన్ని బాక్సులకీ డిలీట్ రాసింది నేనే.

ఆ అమ్మాయి ఏమీ అనలేదు. పక్కనున్న చీటీల కట్ట దగ్గరికి లాక్కుంది. అప్పుడు చూశాను, ఆ అమ్మాయి ముందు ప్రతి మనిషి వివరాలూ చీటీ మీద పెన్నుతో రాసుకుంటోంది, తర్వాత చూసి కంప్యూటర్‌లో కొడుతోంది. పోతే మళ్ళీ కొట్టుకోవచ్చని. ఆ లైను అంత నెమ్మదిగా కదలడానికి కారణం నా ఫారం. ఆ రోజు అక్కడే కూర్చుని రెండు మార్పులు చేశాను. చెక్ చేసేముందు నంబర్‌లోంచి స్పేసులు తీసేయడం, తప్పు వస్తే ఏ బాక్స్‌నీ ముట్టుకోకుండా ఆ ఒక్క బాక్స్ దగ్గరికి కర్సర్ తీసుకెళ్ళడం. మూడు లైన్ల కోడ్.

ఆధార్ కార్డు మీద పన్నెండు అంకెలు నాలుగేసి చొప్పున విడివిడిగా అచ్చు వేసి ఉంటాయి. చూసి కొట్టేవాళ్ళు అలాగే కొడతారు. 'స్పేసులు లేకుండా ఎంటర్ చేయండి' అని ఎర్ర అక్షరాల్లో రాసే బదులు స్పేసులు మీరే తీసేయండి. బ్యాంకుల ఐఎఫ్ఎస్‌సీ కోడ్ చూడండి, పదకొండు క్యారెక్టర్లు. మొదటి నాలుగు బ్యాంకువి, చివరి ఆరు బ్రాంచివి, ఐదోది ఎప్పుడూ సున్నాయే. జనం అక్కడ సున్నాకి బదులు ఇంగ్లీషు అక్షరం 'ఓ' కొడుతుంటారు. అది సున్నా అని మీకు తెలుసు, ప్రోగ్రాంకీ తెలుసు. దిద్దుకుని, దిద్దినది మనిషికి కనిపించేలా పెడితే సరిపోతుంది. చిన్న అక్షరాల్లో కొడితే పెద్ద అక్షరాలు చేసుకోవడం కూడా మన పనే.

వీటన్నిటికీ మూలం చాలా పాతది. 1970లలో అమెరికాలో జిరాక్స్ వాళ్ళ పరిశోధనా కేంద్రం, పార్క్ అంటారు, అక్కడ లారీ టెస్లర్ అనే ఆయన పనిచేశారు. అప్పటి ఎడిటర్లలో 'మోడ్'లు ఉండేవి. ఒక మోడ్‌లో మీరు కొట్టిన అక్షరం టెక్స్ట్‌లోకి వెళ్తుంది, ఇంకో మోడ్‌లో అదే అక్షరం ఒక ఆజ్ఞ. పార్క్‌లోనే తయారైన బ్రావో అనే ఎడిటర్ గురించి ఇప్పటికీ చెప్పుకునే సంగతి ఒకటుంది. ఆజ్ఞల మోడ్‌లో ఉన్నామని మర్చిపోయి ఎవరైనా 'ఎడిట్' అని నాలుగు అక్షరాలు కొడితే, 'ఈ' అంటే అంతా సెలెక్ట్ చేయి, 'డి' అంటే తీసేయి, 'ఐ' అంటే ఇన్సర్ట్ చేయి, ఇక మిగిలిన 'టీ' టెక్స్ట్‌గా పడుతుంది. రోజంతా రాసిన డాక్యుమెంట్ పోయి, దాని చోట ఒక్క 'టీ' మిగులుతుంది. టెస్లర్‌కి ఈ మోడ్‌లంటే అస్సలు పడేది కాదు. టిమ్ మాట్‌తో కలిసి జిప్సీ అనే ఎడిటర్ చేశారు. కర్సర్ ఎక్కడ పెడితే అక్కడ అక్షరం పడటం, కట్, కాపీ, పేస్ట్, ఇవాళ మనం ఆలోచించకుండా చేసే పనులన్నీ అందులో రూపం పోసుకున్నాయి. ఆయన కారు నంబర్ ప్లేటు మీద కూడా 'నో మోడ్స్' అనే ఉండేది. 2020 ఫిబ్రవరిలో పోయారు.

ఆయన అంత కష్టపడి ఇచ్చిన పేస్ట్‌ని ఇవాళ చాలా ఫారాలు ఆపేస్తున్నాయి. పాస్‌వర్డ్ బాక్స్‌లో పేస్ట్ పనిచేయదు. భద్రత కోసం అంటారు. పేస్ట్ ఆపితే పాస్‌వర్డ్ మేనేజర్ వాడేవాళ్ళు ఇబ్బంది పడి చివరికి చిన్న, తేలిక పాస్‌వర్డ్ పెట్టుకుంటారు. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2017లో ఇచ్చిన మార్గదర్శకాల్లోనే పాస్‌వర్డ్ పేస్ట్ చేయనివ్వమని ఉంది. ఎవరైనా మిమ్మల్ని ఆపమంటే ఈ మాట చెప్పండి.

ఇప్పుడు సగం కొట్టిన మాట దగ్గరికి వద్దాం. టికింటర్‌లో ప్రతి కీ నొక్కినప్పుడల్లా చెక్ చేసే వీలుంది, వ్యాలిడేట్‌కమాండ్ అంటారు. పర్సెంట్, క్యాపిటల్ పీ అని రాస్తే, ఈ కీని ఒప్పుకుంటే బాక్స్‌లో ఏం ఉంటుందో ఆ స్ట్రింగ్ మీ ఫంక్షన్‌కి ముందే వస్తుంది. మీరు ట్రూ అంటే పడుతుంది, ఫాల్స్ అంటే పడదు. వయసు బాక్స్‌కి ఈజ్‌డిజిట్ పెడదాం, 'ఉన్నవన్నీ అంకెలేనా' అని అడిగేది. 45 కొట్టాను, పడింది. ఇప్పుడు బ్యాక్‌స్పేస్. 5 పోయింది. ఇంకో బ్యాక్‌స్పేస్. 4 పోవడం లేదు. ఎంత నొక్కినా పోదు. ఎందుకంటే అది పోతే మిగిలేది ఖాళీ స్ట్రింగ్, ఖాళీ స్ట్రింగ్‌ని ఈజ్‌డిజిట్ ఒప్పుకోదు. కంప్యూటర్ కొత్తగా వాడే మనిషి ఇక్కడ తన చెయ్యి తప్పనుకుని భయపడతాడు. ఇలాగే మైనస్ ఐదు కొట్టాలంటే ముందు మైనస్ కొట్టాలి కదా, ఒట్టి మైనస్ అంకె కాదని మీ చెక్ ఆపేస్తే ఇక ఐదు దాకా వెళ్ళేదెలా?

ఇంకో సంగతి, ఆ ఫంక్షన్ ట్రూ, ఫాల్స్ కాకుండా ఇంకేదైనా ఇచ్చినా, లోపల ఎర్రర్ వచ్చినా టికింటర్ ఆ చెక్‌ని అక్కడితో మానేస్తుంది. తర్వాత ఏది కొట్టినా పడుతుంది. 'మొదట పనిచేసింది మేడమ్, తర్వాత మానేసింది' అని నా దగ్గరికి వచ్చే ఫిర్యాదుల్లో చాలావాటికి ఇదే కారణం.

టికింటర్ లాంటిదే ఇంకో లైబ్రరీ క్యూట్, అది వాడిన వాళ్ళు ఎవరైనా ఉన్నారా? క్యూట్‌లో కొట్టినదాన్ని చెక్ చేసే వ్యాలిడేటర్ ఇచ్చే జవాబులు మూడు. ఇన్‌వ్యాలిడ్, యాక్సెప్టబుల్, ఆ రెంటి మధ్య ఇంటర్మీడియట్. 100 నుంచి 999 దాకా అంకెలు కావాలని చెప్పారనుకోండి. మనిషి 1 కొట్టగానే అది వందలోపే కదా అని గోల చేయదు. 'ఇంటర్మీడియట్, ఇంకా కొడుతున్నారు, ఆగుదాం' అంటుంది. నాకు ఈ మూడో జవాబంటే చాలా ఇష్టం. మీరు ఏ భాషలో రాసినా, ఆ లైబ్రరీలో లేకపోయినా, మీ కోడ్‌లో ఈ మూడో జవాబుకి చోటు పెట్టుకోండి. కీ కీకీ ఆపకుండా, మనిషి ఆ బాక్స్ వదిలి పక్క బాక్స్‌కి వెళ్ళినప్పుడు చూడండి. చాలా ఫారాలకి అది చాలు.

తెలుగుకి ఇది ఇంకా ఎక్కువ అవసరం. ఎందుకో చూపిస్తాను. 'స్త్రీ' అనే మాట మన కంటికి ఒక్క అక్షరం. కంప్యూటర్‌కి ఆరు. స, పొల్లు, త, పొల్లు, ర, గుడి దీర్ఘం. పైథాన్‌లో పొడవు చెప్పే లెన్ అడిగితే 6 అంటుంది. యూనికోడ్ గుర్తుల్ని బైట్లుగా దాచే పద్ధతి యూటీఎఫ్-8లో దాస్తే ఒక్కొక్కటి మూడు బైట్లు, మొత్తం 18. ఇప్పుడు బ్యాక్‌స్పేస్ నొక్కుతాను, మెల్లగా. స్త్ర. స్త్. స్త. స్. స. ప్రతి మెట్టు దగ్గరా తెర మీద ఉన్నది సగం మాటే. కొట్టేటప్పుడు కూడా ఇవే మెట్లు ఎక్కుతూ వస్తాం. చాలా చోట్ల ఇంతే, బ్యాక్‌స్పేస్ ఒక్కో గుర్తే తీస్తుంది, అది మంచిదే. దీర్ఘం ఒక్కటి తప్పు పడితే అక్షరం మొత్తం పోగొట్టుకోనక్కర్లేదు. కర్సర్‌ని బాణం కీతో జరిపినప్పుడు మాత్రం అక్షరం మధ్యలో ఆగకూడదు. స్త్రీ లాంటి ఒత్తుల అక్షరాన్ని ఒకే ముక్కగా చూడాలన్న నియమం యూనికోడ్‌లో 2023లో, 15.1 వెర్షన్‌లో వచ్చింది. అంతకుముందు లెక్కలో స్త్రీ మూడు ముక్కలు.

వెబ్ ఫారాల్లో ఇన్ని గుర్తులకి మించి కొట్టకూడదని మాక్స్‌లెంత్ అని పెడతారు కదా. పేరుకి 10 పెట్టారనుకోండి, ఇంగ్లీషులో పర్వాలేదనిపిస్తుంది. 'శ్రీలక్ష్మి' కొడదాం. కంటికి మూడే అక్షరాలు. లెక్కపెట్టండి నాతో. శ, పొల్లు, ర, గుడి దీర్ఘం, ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి. పదకొండు. పదో దాని దగ్గర బాక్స్ ఆగిపోతుంది. 'శ్రీలక్ష్మ' అని మిగులుతుంది. ఎర్రర్ రాదు, చప్పుడు చేయదు. ఆవిడ చూసుకోకపోతే సర్టిఫికెట్ మీద కూడా అలాగే అచ్చవుతుంది. డేటాబేస్ బైట్లలో లెక్కపెట్టేదైతే 20 బైట్ల కాలమ్‌లో ఆరు గుర్తులు పడతాయి, అంటే ఒక్క 'స్త్రీ' పట్టి రెండు బైట్లు మిగులుతాయి. పరిమితి నిజంగా అవసరమైతే పెట్టండి, కానీ దేన్ని లెక్కపెడుతోందో తెలుసుకుని పెట్టండి.

2018 ఫిబ్రవరిలో మీరు స్కూల్లో ఉండి ఉంటారు. అప్పుడు ఒక తెలుగు అక్షరం ఐఫోన్‌లని కుప్పకూలుస్తోందని ప్రపంచమంతా వార్తలు. 'జ్ఞా' అక్షరం. జ, పొల్లు, ఞ, తర్వాత కంటికి కనబడని జీరో విడ్త్ నాన్‌జాయినర్ అనే గుర్తు, తర్వాత దీర్ఘం. ఈ వరసలో టెక్స్ట్ వస్తే దాన్ని చూపించబోయిన యాప్ పడిపోయేది. ఆపిల్ ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6 అప్‌డేట్‌తో సరిచేసింది. అప్పుడు అందరూ 'ప్రమాదకరమైన తెలుగు అక్షరం' అని రాశారు. నాకు బాధేసింది. అది 'జ్ఞానం'లో మొదటి అక్షరం, మనం చిన్నప్పుడు పలక మీద దిద్దినది. పొరపాటు ఆ అక్షరాన్ని గీసే కోడ్‌లో ఉంది. మీ ప్రోగ్రాం టెస్ట్ చేసేటప్పుడు ఆ వరసను కూడా ఒకసారి పేస్ట్ చేసి చూడండి.

(ఒక విద్యార్థి: మేడమ్, మేం ఫోన్‌లో ఇంగ్లీషు అక్షరాలతో కొట్టి తెలుగులోకి మార్చుకుంటాం. దానికి కూడా ఇదేనా?)

మంచి ప్రశ్న బాబూ. 'సీత' అని రావాలంటే మీరు ఇంగ్లీషు అక్షరాలు కొడుతూ వెళ్తారు, కీబోర్డు కింద గీతతో తాత్కాలికంగా ఏదో చూపిస్తుంది, మీరు లిస్టులోంచి ఒకటి నొక్కాక అది ఖాయం. మధ్యలో ఉన్నదాన్ని కంపోజిషన్ అంటారు. ఆ సమయంలో మీ కోడ్ బాక్స్‌లో ఉన్నదాన్ని మార్చి తిరిగి పెట్టిందంటే కీబోర్డుకి, బాక్స్‌కి లెక్క తప్పుతుంది. అక్షరాలు రెండేసి పడటం, కర్సర్ చివరికి దూకడం అందుకే. వెబ్‌లో కంపోజిషన్‌స్టార్ట్, కంపోజిషన్‌ఎండ్ అని ఈవెంట్లు ఉన్నాయి, ఎండ్ వచ్చేదాకా చేతులు కట్టుకుని ఉండండి. ఆండ్రాయిడ్‌లో బాక్స్‌లో ఉన్నది మారినప్పుడల్లా నడిచే టెక్స్ట్‌వాచర్ లోపల, బాక్స్‌లో టెక్స్ట్ పెట్టే సెట్‌టెక్స్ట్ పిలిస్తే అది మళ్ళీ టెక్స్ట్‌వాచర్‌నే పిలుస్తుంది, అక్కడ ఇంకో తిరకాసు.

(మొదట జవాబు చెప్పిన విద్యార్థిని: మరి సీత పేరుకి చెక్ ఎలా రాయాలి మేడమ్?)

అసలు చెక్ ఎందుకమ్మా? మన పేర్లు చూడు. ఇంటి పేరు ముందు రాస్తాం, కొందరు దాన్ని పొడి అక్షరం చేసి చుక్క పెడతారు, కొందరివి మూడు నాలుగు పొడి అక్షరాలు. ఫస్ట్ నేమ్, లాస్ట్ నేమ్ అని రెండు బాక్సులు పెట్టి రెండూ తప్పనిసరి అంటే, ఇంటి పేరు ఎందులో వెయ్యాలో తెలియక అమెరికా వెళ్ళే పిల్లలు ఇప్పటికీ తికమకపడుతున్నారు. 'పూర్తి పేరు' అని ఒకటే బాక్స్ పెట్టు, అటూ ఇటూ ఉన్న స్పేసులు స్ట్రిప్‌తో తీసెయ్యి, ఖాళీగా లేదు కదా అని చూడు. చాలు. తప్పనిసరిగా చెక్ కావాలంటే యూనికోడ్‌డేటా మాడ్యూల్‌లో కేటగిరీ, అంటే ఇందాకటి వర్గం అడుగు, అది లెటర్‌కి గుర్తైన ఎల్‌తో మొదలైనా, మార్క్‌కి గుర్తైన ఎమ్‌తో మొదలైనా ఒప్పుకో, స్పేస్‌నీ చుక్కనీ కూడా.

అంకెలకి ఇంకో చిన్న కబురు. పైథాన్‌లో స్ట్రింగ్‌ని సంఖ్యగా మార్చే ఇంట్‌కి తెలుగు అంకెలు ౨౫ ఇచ్చి చూడు, 25 అని తిరిగి ఇస్తుంది. మొదటిసారి చూసినప్పుడు నాకు ఎంత సంతోషమేసిందో! కానీ ఈజ్‌డిజిట్ పైన రాసే చిన్న రెండుని, అంటే స్క్వేర్ గుర్తుని కూడా ఒప్పుకుంటుంది, ఇంట్ ఒప్పుకోదు, ప్రోగ్రాం పడిపోతుంది. ఈజ్‌డెసిమల్ వాడండి.

సరే, ల్యాప్‌టాప్‌లు తెరవండి. నిన్న మీరు రాసిన ఫారం రన్ చేసి, మీ ఇంట్లో అందరికన్నా పెద్దావిడ పేరు ఇంటి పేరుతో సహా తెలుగులో కొట్టండి. తర్వాత అదే పేరు వాట్సాప్ నుంచి కాపీ చేసి పేస్ట్ చేయండి. మొబైల్ నంబర్ మధ్యలో స్పేస్ ఇచ్చి కొట్టండి. ఎవరి బాక్స్ ఆపేస్తే వాళ్ళు చెయ్యెత్తండి, నేను మీ దగ్గరికి వస్తాను.